నాటిన వీడియో సరే.. బతికిన లెక్క ఏది?



పైన వీడియోలో చూసింది అల్వాల్‌లో మా ఇంటి ముందు జాగా. గేటు నుంచి మెట్ల దాకా ఓ 90 గజాలు ఉంటది. ఇందులో పూలు, కాయల కంటే పోయిన మొక్కల గురించే ఎక్కువ మాట్లాడాను. ఎందుకో ఇక్కడ రాస్తున్నా.

ఇళ్ల ముందు సహజ పద్ధతిలో తోటలు వేసిచ్చే పని నాది. శామీర్‌పేట వైపు కొంచెం పొలం కూడా ఉంది. 2021 వానాకాలంలో మా ఇంటి ముందు 60 మొక్కలు నాటి వీడియో పెట్టాను. మంచి పేరొచ్చింది. ఏడాది తర్వాత తోట వేయించుకుందామని ఒక పెద్దాయన ఇంటికొచ్చారు. ఫోన్లో ఆ వీడియో తెరిచి, "బాబూ, ఈ మూలకున్న ఉసిరి ఏది?" అని అడిగారు. ఉసిరి లేదు. ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియదు. "నేల సరిగా లేదండీ" అని తప్పించుకున్నా. ఆయన ఇంకేం అడగలేదు, పని కూడా ఇవ్వలేదు.

డిప్లొమా చదివేటప్పుడు ప్రతి మడికీ రికార్డు రాశాం. మార్కుల కోసం రాసి, బయటికొచ్చాక మర్చిపోయాను. పెద్దాయన వెళ్లిన రోజు మళ్లీ నోట్‌బుక్ కొన్నాను.

2023 జూన్‌లో మళ్లీ మొదలుపెట్టాను. జామ, సీతాఫలం, మునగ, నిమ్మ లాంటి చెట్ల మొక్కలు 8. మందార, నందివర్ధనం, మల్లె, కరివేపాకు, గోరింట కలిపి పొదలు 21. పొన్నగంటి, పుదీనా, సరస్వతాకు, అతికమామిడి నేలమీద పరుచుకునేలా 12 చిన్న మడులు. మొత్తం 41. గేటు దగ్గర నుంచి నంబర్లు వేశాను. తేదీ గుర్తుండదని ప్రతి అమావాస్యకు లెక్క పెట్టాను.

ఏడాదికి మిగిలినవి 30. పోయిన 11లో ఆరు మార్చి చివర నుంచి మే లోపే పోయాయి. ఆరూ పడమటి ప్రహరీ గోడ పక్కనే. సాయంత్రం ఎండ, దానికి తోడు గోడ వేడి. మూడు ఆగస్టు వానలకు పోయాయి. డాబా నీళ్లు దిగే పైపు కిందే ఆ మూడూ ఉన్నాయి, వేరు కుళ్లింది. మిగతా రెండూ నేలమీద పరిచిన మడులు. కలుపు తీసే ఆమె అతికమామిడిని కలుపనుకుని పీకేసింది. తప్పు ఆమెది కాదు, గుర్తు పెట్టనిది నేను.

చీడతో పోయిన మొక్క ఒక్కటీ లేదు. మందారకు పిండినల్లి వచ్చింది, పోయింది. నేనేమో ఏడాదంతా 15 రోజులకోసారి నీమాస్త్రం కలుపుతూ కూర్చున్నా. చావు ఒక దిక్కు, నా కష్టం ఇంకో దిక్కు. రాయకపోతే ఈ ముక్క నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఇప్పుడు ఆ గోడ పక్కన ముందు కంది వేసి, దాని నీడలో గోరింట, నందివర్ధనం పెట్టాను. ఎండుటాకుల ఆచ్ఛాదన మందం చేశాను. పైపు నీళ్లను ఇంకుడు గుంతకు మళ్లించాను.

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత పంచాయతీది. రోడ్డు పక్కన ఎండిన హరితహారం మొక్కను చూసి మనమంతా విమర్శిస్తాం. మరి నా ఇంటి ముందు 41కి 30 అంటే 73 శాతం. ఆ చట్టం లెక్కన నేను ఫెయిల్!

"ప్రకృతి వ్యవసాయంలో లెక్కలెందుకు, ప్రకృతే చూసుకుంటది" అనే మిత్రులున్నారు. ఫుకుఓకా చెప్పిన 'ఏమీ చేయని' పద్ధతిని గుర్తు చేస్తారు. కానీ తండ్రి నారింజ తోటను కత్తిరింపులు లేకుండా వదిలేస్తే చెట్లు ఎండిపోయాయని 'గడ్డిపరకతో విప్లవం'లో ఆయనే దాచకుండా చెప్పారు. నష్టం చెప్పాడు కాబట్టే లాభం చెప్పినప్పుడు నమ్మాం.

మా అల్వాల్ రైతు చింతల వెంకటరెడ్డి గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మట్టినే ఎరువుగా, చీడల మందుగా వాడే ఆయన పద్ధతి చూసి చాలామంది లోపలి మట్టి తవ్వి మొక్కలకు వేస్తున్నారు. నేనూ మూడు మందారలకు వేశాను, పక్కన మూడింటికి వేయలేదు. ఒక్క ఏడాదితో తీర్పు చెప్పను. కానీ వేయని మొక్క పక్కన లేకపోతే, వేసినదానికి ఏం జరిగిందో ఎట్లా తెలుస్తది? జీవామృతానికీ ఇదే మాట.

లెక్క పెద్ద కష్టం కాదు. చెట్ల మొక్కకు ఎత్తు ఒక్కటే చూడొద్దు, నీడలో సన్నగా సాగుతది. నేల నుంచి జానెడు పైన దారంతో చుట్టుకొలత తీయండి. పొదకు రెండు వైపులా వెడల్పు, పూత వచ్చిన నెల రాయండి. నేలమీద పాకేవాటిని లెక్కపెట్టలేం. నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, లోపల ఎంత మేర కమ్ముకుందో సగమా, ముప్పావా అని రాస్తే చాలు. ఒకే రాయి మీద నిలబడి ఫొటో తీయండి. కూల్‌డ్రింక్ టిన్ను ముక్క మీద మేకుతో నంబర్ గీకితే వానకు చెరగదు. తీగ మాత్రం వదులుగా కట్టండి. బిగించి కట్టి ఒక జామ మొక్క కాండానికి గాటు పడేలా చేశాను.

నా కోరిక ఒక్కటే. నాటిన రోజు వీడియో పెట్టిన ప్రతి ఒక్కరం ఏడాదికి అదే జాగాలో నిలబడి ఇంకో వీడియో పెడదాం. పోయినవి ఎన్ని, ఎందుకు పోయాయి అని చెబుదాం. రసాయనాలు మానేద్దామని వచ్చే కొత్త రైతు మన మాట నమ్మి ఒక పంట కాలం పందెం పెడుతున్నాడు. 60లో ఎన్ని పోయాయో తెలియని మనిషి మాట మీద ఆ పందెం పెట్టించడం న్యాయం కాదు.

ఆ పెద్దాయన మళ్లీ వస్తే నోట్‌బుక్ చూపిస్తాను. పోయిన 11తో సహా.