ఏ ఊరి సేరు?



మన ఇళ్ల పిల్లలు చాలామంది బెంగళూరులో డేటా ఉద్యోగాల్లో ఉన్నారు. కొందరు మందుల పరీక్షల లెక్కలు చూస్తారు, కొందరు బ్యాంకు లెక్కలు కడతారు. వాళ్ల దగ్గర తరచూ వినే మాట ఒకటుంది: "పాత శాస్ ప్రోగ్రాంను ఆర్‌లోకి మార్చాం, అంకెలు కలవడం లేదు." పైఅధికారి వెంటనే అడిగేది, తప్పు ఎవరిదని. ఇదే పనిలో ఉన్నవాడిగా నా మాట: ముందు అడగాల్సిన ప్రశ్న అది కాదు.

చిన్న లెక్క చూడండి. ఎనిమిది మంది మార్కులు 40, 50, 60, 70, 72, 80, 88, 96. వీళ్లలో పై పావు భాగం ఎక్కడ మొదలవుతుంది? మామూలుగా అడిగితే ఆర్ 82 అంటుంది, శాస్ 84 అంటుంది, ఎస్‌పీఎస్‌ఎస్ 86 అంటుంది. మూడూ సరైనవే. 80కీ 88కీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నదానికి ఒక్కొక్కటీ ఒక్కో సూత్రం పెట్టుకుంది. ఆర్‌లోనే అలాంటివి 9 ఉన్నాయి. మనం ఏమీ చెప్పకపోతే అది ఏడోది వాడుతుంది. రెండోది వాడమంటే అదీ 84 అనే చెబుతుంది. అలాగే 2.5ను పూర్ణాంకం చేయమంటే ఎక్సెల్ 3 ఇస్తుంది, ఆర్ సరిసంఖ్య వైపు వెళ్లి 2 ఇస్తుంది.

ఇవి చిన్న తేడాలు. ఖాళీ గడులతో వచ్చేది పెద్ద చిక్కు. ఖాళీని శాస్ అన్ని సంఖ్యల కన్నా చిన్నదిగా చూస్తుంది, స్టాటా అన్నిటికన్నా పెద్దదిగా చూస్తుంది. "షుగరు 200 దాటినవాళ్లు ఎందరు?" అని స్టాటాను అడిగితే, అసలు రక్తపరీక్షే చేయించుకోనివాళ్లూ ఆ లెక్కలో కలిసిపోతారు. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది మనమే.

తేడా వచ్చినప్పుడు కొన్ని ఆఫీసుల్లో "పాతదే నిజం" అని మూసేస్తారు. ఇంకొన్నిచోట్ల రెండిట్లో ఏది బాగుంటే అది రిపోర్టులో పెడతారు. ఈ రెండోదాన్ని నేను మోసమనే అంటాను. సూత్రం ఏదో లెక్క కట్టకముందే కాగితం మీద ఉండాలి. రెండు అంకెలు కలిసినంత మాత్రాన సంబరపడకూడదు కూడా. ఇచ్చిన డేటానే తప్పయితే రెండు ప్యాకేజీలూ కలిసికట్టుగా తప్పే చెబుతాయి.

మన పెద్దల కాలంలో సేరు ఊరూరికీ మారేది. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చేదాకా, సరుకు కొనేవాడు ధరతోపాటు ఏ ఊరి సేరో కూడా అడగాల్సి వచ్చేది. అలా అడిగినంత మాత్రాన అంగడివాణ్ణి దొంగ అన్నట్టు కాదు. ఆఫీసులో ఆ ప్రశ్న వేసిన కుర్రవాణ్ణి పని రానివాడిగా చూడడం అన్యాయం.

ఇది మన సంఘానికీ వర్తిస్తుంది. విద్యార్థి వేతనాలకు "పై పావు భాగం" అని గీత పెడితే, 85 వచ్చిన పిల్లకు 84 గీతతో డబ్బు అందుతుంది, 86 గీతతో అందదు. దరఖాస్తులు తెరవకముందే సూత్రం రాసి నోటీసు బోర్డులో పెడదాం. ఈ రంగంలో ఉన్న సభ్యులు కింద రాయండి. కొత్తగా ఉద్యోగంలో చేరిన మన పిల్లలకు పనికొస్తుంది.