గుస్సాడి టోపీ అడిగిన క్యాంపు



మొన్న ఫిబ్రవరిలో మా గూడేనికి పట్నం కాలేజీ నుంచి ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు వచ్చింది. ఏడు రోజులు, యాభై మంది పిల్లలు. బడి గోడకు సున్నం వేసిన్రు. చేతులు ఎట్ల కడుక్కోవాలో మా అవ్వలకు చూపించిన్రు (మా అవ్వ ఇంకా నవ్వుతనే ఉంది). చివరి రోజు 'కల్చరల్ నైట్' అన్నరు. గుస్సాడి టోపీలు పెట్టుకొని ఒక్క పాటకు ఆడితే చాలన్నరు.

గుస్సాడి ఎప్పుడు కడతరో మీకు చెప్పాల్సిన పని లేదు. దీపావళికి దండారి మొదలైతేనే పూజ చేసి ఆ టోపీలు బయటికి తీస్తం. కట్టినోళ్లు ఆ రోజులన్నీ దీక్షలో ఉంటరు, స్నానం కూడా చెయ్యరు. కోలబోడి అయినంక మళ్ల ఏడాది దాకా ముట్టం. పటేల్ కుదరదన్నడు. సార్ మొహం మాడింది. "మీ సంస్కృతి తెలుసుకోడానికే కదా వచ్చినం" అన్నడు.

పిల్లల మీద నాకు కోపం లేదు. డిగ్రీలో నేనూ వాలంటీర్‌నే. రెండేండ్లకు 240 గంటలు, రిజిస్టర్‌ల సంతకం, సర్టిఫికెట్. కోపమంతా మనల్ని అడగకుండానే ప్రోగ్రాం రాసుకొని వచ్చే పద్ధతి మీద. అభివృద్ధి పనులకు ముందు గ్రామసభ ఆమోదం కావాలని పెసా చట్టం 1996లోనే చెప్పింది. క్యాంపుకు ఆ చట్టం వర్తించదంటరు కావొచ్చు. మర్యాదకన్న వర్తించాలె కద!

బయటోళ్లు వద్దని నేను అంటలేను. 1940లో జోడేఘాట్‌ల కొమురం భీం అమరుడైనంక నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. సర్కారు మనిషే, అది మరువొద్దు. కానీ ఆయన మార్లవాయిల మన మధ్యనే ఉన్నడు, గోండి నేర్చుకున్నడు. 1943లో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం అక్కడే మొదలైంది. ఆయన భార్య బెట్టీ సమాధి ఇప్పటికీ ఆ ఊర్లనే ఉంది.

పిల్లలు అన్నేండ్లు ఉండలేరు. అయితే ఏడు రోజులు తక్కువేం కాదు. 2023ల పోడు పట్టాలు పంచినప్పుడు రాని ఇండ్లు మా దగ్గర ఇంకా ఉన్నయి. 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచే సాగు చేస్తున్నమని చూపాలె. అటవీ హక్కుల చట్టం నియమాల్లో రుజువుల జాబితా ఉంది. క్లెయిమ్ పెట్టినోళ్లు కాకుండా వేరే పెద్దమనుషులు చెప్పింది రాసిపెడితే అది కూడా ఒక రుజువే. పాత బావులు, గట్లు, సమాధులు కూడా రుజువే. ఫోన్ చేతిల ఉన్న పిల్లలు ఇద్దరిద్దరు పోయి, మన పోరగాళ్లు గోండి నుంచి తెలుగు చెప్తుంటే రాసుకోవచ్చు. ఫొటోలు తియ్యొచ్చు. సున్నం మనం వేసుకోలేమా?

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, క్యాంపు లెటర్ మీ ఊరికొస్తే సర్పంచ్ దగ్గరనో హెడ్‌మాస్టర్ దగ్గరనో ఆగిపోనియ్యకండి. గ్రామసభల చదివి వినిపించండి. ఏం పని కావాలో మనమే రాసి పంపుదాం. ఒప్పుకోకపోతే, ఈ ఏడు వద్దని చెప్పే హక్కు మనకుంది.

మేమైతే పటేల్‌తో మాట్లాడినం. పాత సాగు గుర్తున్న ముసలోళ్ల పేర్లు రాసి పెట్టినం, పదకొండు మంది. పోయినేడు పద్నాలుగు మంది ఉండె.