గట్కకు పీట వేసిన ఊళ్లు

రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ నుంచి సిద్దిపేట వెళ్తుంటే, సిద్దిపేటకు ముందు వస్తుంది మా కొండపాక మండలం. అక్కడి నుంచి ఉత్తర ఇటలీలోని బెర్గామోకు కాపురం మారాక నాకు ముందుగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. హైదరాబాద్ హోటళ్లలో ఇటాలియన్ అని తిన్నదానికీ, ఇక్కడి ఇళ్లలో వండుకునేదానికీ పెద్దగా చుట్టరికం లేదు. అక్కడ క్రీము, చీజు, మసాలా అన్నీ ఒకే పళ్లెంలో. ఇక్కడ రాత్రి భోజనానికి స్పగెట్టి, వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిర్చి చాలు. సన్న సెగ మీద వెల్లుల్లి మాడకుండా వేయించి, పాస్తా ఉడికిన గంజి కొంచెం దాచి చివర్లో పోస్తారు. ఆ గంజితో నూనె చిక్కబడి పాస్తాను అంటుకుంటుంది. పనితనమంతా అందులోనే. మన పచ్చిపులుసు కూడా అలాంటిదే. చింతపండు, ఉల్లిగడ్డ, కాల్చిన మిరపకాయ, ఉప్పు. చెయ్యి కుదరకపోతే దాచడానికి అందులో ఏమీ ఉండదు.

నన్ను కదిలించింది మాత్రం పొలెంటా. మరుగుతున్న ఉప్పునీళ్లలో మక్కరవ్వ పోసి, రాగి పాత్రలో కర్రతో ముప్పావుగంట దాకా కలుపుతూనే ఉంటారు. గట్టిపడ్డాక చెక్కపలక మీద బోర్లించి దారంతో కోస్తారు. ఎసట్లో మక్కనూక పోసి, తెడ్డుతో కలిపి, సల్లతోనో పచ్చిపులుసుతోనో తినే మన మక్కగట్క ఇదే కదా!

మక్కలు, మిరపకాయలు, టమాటాలు ఇద్దరికీ అమెరికా ఖండాల నుంచే వచ్చాయి. ఇద్దరూ ఆకలినీ ఎరుగుదురు. 18, 19 శతాబ్దాల్లో లొంబార్డీ, వెనెటో పల్లెల్లో పేదలు ఏడాది పొడుగునా దాదాపు పొలెంటా ఒక్కటే తిని పెల్లాగ్రా పాలయ్యారు. చర్మం పగిలి, విరేచనాలు పట్టుకుని, ముదిరితే మతి తప్పే జబ్బు అది. నియాసిన్ అనే విటమిన్ చాలక వస్తుంది. మన దక్కన్‌లో జొన్నలే ఆధారంగా బతికిన పేదల్లోనూ అదే జబ్బు కనిపించింది. హైదరాబాద్ పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా దాన్ని పరిశీలించి, జొన్నల్లో ఎక్కువగా ఉండే ల్యూసిన్‌కు దీనితో సంబంధం ఉందని 1960లో ప్రకటించారు.

కాబట్టి పాతకాలపు తిండంతా అమృతమని నేను అనను. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు పేదల ఇళ్లలో తెల్లన్నం ఉడకడం నిజమైన ఊరట. ఇటలీకీ మనకూ తేడా వచ్చింది ఆకలి తీరాకే. ఇటలీ పేదరికాన్ని వదిలించుకుంది గానీ పొలెంటాను వదల్లేదు. దాని పక్కకు చిక్కుడుగింజలు, వెన్న, జున్ను, మాంసం చేరాయి. ఇంటికి బంధువులొస్తే సంతోషంగా వడ్డిస్తారు. మనం కరువుతో పాటు గట్కనూ వెనక్కి నెట్టేశాం. చుట్టానికి గట్క పెట్టడమంటే ఇప్పటికీ నామోషీ. నా బాధ అదే.

ఇటలీలో ఇంటివంటకు ఆ గౌరవం ఊరికే రాలేదు. ఫ్లోరెన్స్‌లో స్థిరపడ్డ పెల్లెగ్రీనో ఆర్తూసి అనే వ్యాపారి 1891లో, డెబ్బై ఏళ్ల వయసులో, ఇంటివంటల పుస్తకాన్ని సొంత డబ్బుతో అచ్చు వేయించాడు. మొదటి ముద్రణలో 475 వంటకాలు. చదివిన ఇల్లాళ్లు తమ వంటలు ఉత్తరాల్లో రాసి పంపారు. పుస్తకం పెరుగుతూ పోయి 790కి చేరింది. తన ఇంట్లో వండిన మరియెట్టా పేరును ఆర్తూసి ఒక వంటకానికే పెట్టాడు. 1911లో పోతూ పుస్తకం హక్కులను ఆమెకూ, ఇంట్లోని మరో వంటవాడికీ రాసిచ్చాడు. వండిన చేతికి ఇంతకన్నా గొప్ప మర్యాద నాకు తెలియదు.

మన సిద్దిపేట పల్లెల్లోనూ సర్వపిండి, జొన్నగట్క, అంబలి చేయడం బాగా తెలిసిన పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్లు చారెడు అన్నది తూకం వేసి, గ్లాసెడు అన్నది కొలిచి రాసుకోండి. ‘ఉప్పు తగినంత’ అని వదిలేయకండి. ఎవరి ఇంట్లో, ఏ ఊళ్లో అలా చేస్తారో కూడా రాయండి. ఈసారి ఇంటికి చుట్టాలొస్తే మక్కగట్క, పచ్చిపులుసు, పక్కన గిన్నెడు పప్పు వడ్డించండి.