ల్యాబులకు తాళాలు, జాగలకు వేలాలు

2018 జనవరి 3న ఉస్మానియా యూనివర్సిటీల 105వ ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ మొదలు కావాలె. ప్రధాని చేతుల మీదుగ షురూ అయ్యే సభ. దేశ విదేశాల శాస్త్రవేత్తలు రావాలె. వర్సిటీ నూరేండ్ల పండుగ చేసుకున్న యాడాదే ఆ అవకాశం వచ్చింది. తీరా రెండు వారాలు ఉన్నదనంగ, 2017 డిసెంబర్‌ల, క్యాంపస్‌ల పరిస్థితులు బాగలేవని చెప్పి యూనివర్సిటీ చేతులెత్తేసింది. సభ ఎగిరిపోయి మార్చిల మణిపూర్‌ల వాలింది.

పరిస్థితులు ఎందుకు బాగలేవు? ఆ నెల మొదట్లనే ఒక పీజీ విద్యార్థి హాస్టల్‌ల పానం తీసుకున్నడు. కొలువులేవని పోరగాండ్లు రోడ్డెక్కిండ్రు. వాళ్లకు జవాబు చెప్పే ధైర్యం లేక సభనే వద్దనుకున్నరు. ఇదే హైదరాబాద్‌ల 1937ల, నిజాం రాజ్యంల, సైన్స్ కాంగ్రెస్ జరిగింది. రాజు పాలనల జరిగిన ముచ్చట స్వపాలనల జరగలే. ఈ ఒక్క సిగ్గు చాలు, తెలంగాణల పరిశోధన ఎక్కడికొచ్చి ఆగిందో తెల్వడానికి.

"హైదరాబాద్‌ను మేమే డెవలప్ చేసినం" అని వలస పాలకులు అన్నప్పుడు మనం ఏం జవాబు చెప్పినం? చరిత్ర తీసి ముంగట పెట్టినం. 1897 ఆగస్టు 20న మలేరియా గుట్టు విప్పిన రొనాల్డ్ రాస్ పని చేసింది సికింద్రాబాద్‌ల. 1901ల నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల దుర్భిణి తెప్పించి నిజామియా అబ్జర్వేటరీకి పునాదేసిండు. ఆయన పోయినంక 1908ల సర్కారు దాన్ని చేతుల్లకు తీసుకున్నది, 1919ల ఉస్మానియాకు అప్పజెప్పింది. ప్రపంచ దేశాల అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పంచుకొని నక్షత్రాల పటం గీస్తుంటె అందుల ఒక వాటా హైదరాబాద్‌కు వచ్చింది. మన బేగంపేటల కూసోని లక్షలాది చుక్కల లెక్క తీసిండ్రు. 1944ల హైదరాబాద్ రాష్ట్రమే సొంత పైసలతోని పరిశోధనాలయం పెట్టుకున్నది. అదే తర్వాత ఆర్ఆర్ఎల్ అయ్యింది, ఇయ్యాల తార్నాకల ఉన్న ఐఐసీటీ. దాని కడుపుల నుంచే సీసీఎంబీ పుట్టింది. ఇవన్నీ ధూంధాం సభలల్ల చెప్పుకున్నం, కరపత్రాలల్ల అచ్చేసినం, చప్పట్లు కొట్టినం.

మరి ఆ ఆస్తులు ఇప్పుడు ఎట్లున్నయి? రంగారెడ్డి జిల్లా జాపాల్-రంగాపూర్‌కు పోయి చూడుండ్రి. 1968ల అక్కడ 48 అంగుళాల దుర్భిణి పెట్టిండ్రు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు దేశమంతా ఆ గుట్ట దిక్కు చూసింది. తర్వాత పట్నం దీపాల వెలుతురు దగ్గరికొచ్చింది, మనుషులు దూరమైండ్రు, దుర్భిణి ఏండ్లకేండ్లు మూలకు పడ్డది. మరమ్మతు చేస్తమన్న మాట అప్పుడప్పుడు వినబడ్తది. బేగంపేటల రాస్ పని చేసిన బంగళా కూడ ఉస్మానియాదే. ఆ వైపు పోయే ఉద్యోగ మిత్రులు ఒకసారి ఆగి చూస్తె మంచిది.

ఇది పాత సామాన్ల మీద మమకారం కాదు. మనుషుల లెక్క చూద్దాం. ఉస్మానియాల చెప్పుకోదగ్గ రెగ్యులర్ నియామకాలు జరిగింది 2013ల, అంటే ఉమ్మడి రాష్ట్రంల. "నీళ్లు, నిధులు, నియామకాలు" అని కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంల వర్సిటీల మంజూరైన అధ్యాపక పోస్టులు సగానికన్న ఎక్కువ ఖాళీగ పడి ఉన్నయి. 2022 సెప్టెంబర్‌ల ఉమ్మడి నియామక బోర్డు బిల్లు అసెంబ్లీల పాసు చేసిండ్రు. ఎనిమిదేండ్లు గడిచినంక గుర్తొచ్చిన బిల్లు అది. గవర్నర్ దాన్ని పక్కన పెట్టింది, చివరికి రాష్ట్రపతికి పంపింది. గులాబీ సర్కారు గవర్నర్‌ను తిట్టింది, గవర్నర్ సర్కారును తిట్టింది, నోటిఫికేషన్ మాత్రం రాలే. 2023 డిసెంబర్‌ల సర్కారు మారింది. ఈ సర్కారు 2025 జనవరిల ప్రొఫెసర్ల రిటైర్మెంట్ వయసు 60 నుంచి 65కు పెంచింది. ఖాళీలు నింపమంటె, ఉన్నోళ్లనే ఇంకో ఐదేండ్లు కూసోబెట్టిండ్రు!

ఒక ప్రొఫెసర్ పోస్టు ఖాళీగుంటె ఒక జీతం మిగిలిందని సచివాలయంల సంబురపడ్తరు కావచ్చు. కానీ యూజీసీ నిబంధన ప్రకారం ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6 మంది, అసిస్టెంట్ దగ్గర 4గురు పీహెచ్‌డీ చేయొచ్చు. గైడ్ లేకుంటె సీటే లేదు. ఒక్క ప్రొఫెసర్ పోతె ఎనిమిది మంది పరిశోధకులు పోయినట్లే. ఢిల్లీ నుంచి ప్రాజెక్టు తేవాలన్నా రెగ్యులర్ మాస్టరే కావాలె, కాంట్రాక్టు మాస్టర్‌కు ఇచ్చుడు అరుదు. ప్రాజెక్టు లేకుంటె కొత్త మిషన్ రాదు, కెమికల్స్ రావు, ప్రాజెక్టు ఫెలో కొలువు రాదు. అప్పుడు న్యాక్ గ్రేడు తగ్గుతది, గ్రేడు తగ్గిందని గ్రాంటు తగ్గుతది. గిట్ల ఒక ఖాళీ కుర్సీ మొత్తం డిపార్టుమెంటును మింగుతది. ఇదంతా అయినంక టీవీల కూసున్న పెద్దమనిషి ఒకడు "స్టేట్ వర్సిటీలల్ల రీసెర్చ్ నాసిరకం" అంటడు. నిజమే, కాపీ థీసిస్‌లు ఉన్నయి, దాచుడెందుకు? కానీ కాళ్లు విరగ్గొట్టి పరుగు పందెంల పెట్టినోడిని ఎవడు అడగాలె?

స్కాలర్ బతుకు ఇంకో కథ. జేఆర్ఎఫ్ వచ్చినోడికి 2023 నుంచి నెలకు 37,000. నెట్ లేకుండ సెంట్రల్ యూనివర్సిటీల పీహెచ్‌డీ చేసేటోడికి 2012 నుంచి అదే 8,000. స్టేట్ వర్సిటీల చాలామందికి అదీ లేదు. పాలమూరు, ఆదిలాబాద్ నుంచి వచ్చిన కూలోళ్ల బిడ్డ ఐదేండ్లు ల్యాబుల ఏం తిని పని చేయాలె? ఢిల్లీ సర్కారు సంగతి చెప్పనే అక్కర లేదు. దేశం పరిశోధన మీద పెట్టే ఖర్చు 2020-21 లెక్కల జీడీపీల 0.64 శాతం. 2023ల అనుసంధాన్ ఫౌండేషన్ చట్టం తెచ్చి ఐదేండ్లల్ల 50,000 కోట్లన్నరు, అందుల 36,000 కోట్లు ప్రైవేటోళ్ల నుంచి వస్తయన్నరు. అంటె పెండ్లి వాళ్లది, ఖర్చు పక్కింటోళ్లది.

"టీ-హబ్ కట్టినం కదా, జీనోమ్ వ్యాలీ ఉన్నది కదా" అంటరు. ఉండనీయుండ్రి, మంచిదే. కానీ స్టార్టప్ వేరు, పరిశోధన వేరు. కోవాక్సిన్ తయారైంది శామీర్‌పేట దిక్కు, కానీ ఆ వైరస్‌ను వేరు చేసి ఇచ్చింది పుణెల సర్కారు సంస్థ ఎన్ఐవీ. కోర్బెవాక్స్ కంపెనీ మన హైదరాబాద్‌ది, దాని మూలం అమెరికల టెక్సాస్ డాక్టర్ల ల్యాబుల పుట్టింది. సర్కారు పైసలతోని నడిచే పరిశోధన లేనిదె కంపెనీ ఒక్క సీసా నింపలేదు. ఇంతదాక ఎందుకు, నల్లగొండ ఫ్లోరైడ్ చూడుండ్రి. నీళ్లల్ల పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అని పేరు. కనిపెట్టింది నాగపూర్ నీరి సంస్థ. రోగం మనది, పేరు మనది, ల్యాబు వేరేటోళ్లది. 2016ల కేంద్రమంత్రి నడ్డా చౌటుప్పల్‌ల ఫ్లోరైడ్ పరిశోధన కేంద్రం పెడ్తమన్నడు. 2022 మునుగోడు ఉపఎన్నికల నాటికి ఆ జాగల ఆయన పేరు మీద ఉత్తుత్తి సమాధే లేచింది, కేంద్రం లేవలే.

చేయి సాగితె ఏమైతదో కూడ మనకు తెల్సు. ఉల్లికోడును తట్టుకునే జగిత్యాల సన్నాలు పొలాస పరిశోధన కేంద్రంల పుట్టినయి. షుగరోళ్లు వెతుక్కొని కొనే తెలంగాణ సోనా రాజేంద్రనగర్‌ల పుట్టింది. రెండూ సర్కారు జీతం తీసుకునే సైంటిస్టులు, సర్కారు పొలంల చేసిన పనే. దానికి ఇచ్చిన ఇనాం ఏంది? అదే రాజేంద్రనగర్‌ల జయశంకర్ సార్ పేరున్న వ్యవసాయ వర్సిటీ జాగ 100 ఎకరాలు హైకోర్టు కొత్త భవనాలకని గుంజుకున్నరు. విద్యార్థులు వద్దు వద్దన్నా 2024 మార్చిల పునాదిరాయి పడ్డది. హైకోర్టు మనకు కావాలె, ఎవడొద్దన్నడు? విత్తనం పుట్టే భూమే దొరికిందా?

గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ ముచ్చట ఇంకా నొప్పి. అది ఎవరి దయ కాదు. 1969ల మన పోరగాండ్లు తూటాలు తిన్నరు, 1972ల అటు జై ఆంధ్ర లేచింది, 1973ల ఆరు సూత్రాల పథకం కింద రాజ్యాంగాన్ని సవరించి 1974ల పెట్టిన వర్సిటీ. ఉద్యమ ఫలం. దాని పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు 2003ల చంద్రబాబు సర్కారు ఐఎంజీ కంపెనీకి రాసిచ్చింది, 2006ల రద్దయింది, 2024ల సుప్రీంకోర్టుల కంపెనీ ఓడింది. గెలిచిన జాగను మన సర్కారు ఏం చేసింది? 2025 ఉగాది నాడు బుల్డోజర్లు తోలింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేదాక చెట్లు కూలినయి, పిల్లలు లాఠీలు తిన్నరు. రికార్డుల ఆ భూమి ఎవరిదన్నది వేరే పంచాది. పోలీసులు, లాఠీలు, క్యాంపస్ గేట్లు... 2009 నవంబర్‌ల ఆర్ట్స్ కాలేజీ ముంగట చూసినోళ్లకు ఇది కొత్త కాదు. సీసాల రంగు మారింది, అంతె.

42 రోజులు సకల జనుల సమ్మెల నిలబడ్డ ఉద్యోగ సంఘాలు పీఆర్సీ అడిగేటప్పుడు ఈ ఒక్క మాట కూడ కలిపి అడగాలె. బడ్జెట్ సమావేశాలకు ముందే ప్రతి వర్సిటీల సబ్జెక్టు వారీగ, రోస్టర్‌తోని సహా ఖాళీల జాబితా గేటు మీద అంటించాలె, నోటిఫికేషన్ తేదీ చెప్పాలె. ఫెలోషిప్ లేని ప్రతి స్కాలర్‌కు రాష్ట్రం నెల నెల పైసలియ్యాలె. వర్సిటీ జాగల ఇంకొక్క గజం కదలొద్దు. తేదీ చెప్పకుంటె మంత్రులు ఆర్ట్స్ కాలేజీ మెట్ల కాడికి వచ్చి అక్కడ్నే కారణం చెప్పాలె.