పేరు మారితే మందు మారుతుందా?

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో వెలిసింది. అప్పటినుంచీ ఆ చుట్టుపక్కల రాత్రిని పగలు చేసి పనిచేసేవాళ్లు పెరిగారు. మీ ఇంట్లోనూ అటువంటి అన్నయ్యో, అక్కయ్యో వుండవచ్చు. తలనొప్పికి ఒక మాత్ర వేసుకుంటారు. తగ్గకపోతే సొరుగులోంచి ఇంకో పేరున్న మాత్ర తీస్తారు. "అది వేరే మందు కదా!" అంటారు.

వేరేదేనా? డోలో 650లో వున్నది 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్. కాంబిఫ్లామ్‌లో 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్, 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ వుంటాయి. జలుబు మాత్రలు అనేకం వున్నాయి, వాటిలోనూ పారాసిటమాలే! పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు మించకూడదు. పిల్లలకు బరువునుబట్టి డాక్టరు చెప్పాలి.

మించితే ఏమవుతుంది? మన కాలేయం పారాసిటమాల్‌ను చాలావరకు నిరపాయంగా మార్చి మూత్రంలోకి పంపేస్తుంది. కొద్దిభాగం మాత్రం విషపదార్థంగా మారుతుంది. దాన్ని గ్లూటాథయోన్ అనే పదార్థం పట్టేస్తుంది. మోతాదు మించినప్పుడు గ్లూటాథయోన్ నిల్వ తరిగిపోతుంది. ఇక ఆ విషం కాలేయ కణాలనే చంపుతుంది. మొదటిరోజు పెద్దగా బాధ తెలియకపోవచ్చు. అదే దీనిలోని మోసం.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ మరో తెగ. ఇవి ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయని 1971లో జాన్ వేన్ చూపాడు. నొప్పిని పెంచే ఆ పదార్థాలే జీర్ణాశయపు పొరను కాపాడతాయి, మూత్రపిండాలకు రక్తం అందేలా చూస్తాయి. అంచేత ఈ తెగలో రెండింటిని కలిపితే పుండ్లు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. నానక్‌రాంగూడ ఎండలో నీళ్లు చాలక పనిచేసే కూలీకి మూత్రపిండాల ముప్పు మరీ ఎక్కువ. డెంగీ అనుమానముంటే వీటి జోలికే పోకూడదు. (పారాసిటమాల్‌తో ఐబుప్రొఫెన్ కలపడమే తప్పని నేననడంలేదు. అవి వేర్వేరు తెగలు. డాక్టరు మోతాదు చెబితే వేసుకోవచ్చు.)

2018 సెప్టెంబరు నుంచి మందు అసలు పేరును కంపెనీ పెట్టిన పేరుకన్నా పెద్ద అక్షరాల్లో ముద్రించాలని నిబంధన వచ్చింది. సంతోషమే. కాని మూడు, అంతకుమించి మందులు కలిపిన మాత్రలకు అది వర్తించదు. జలుబు మాత్రలు అనేకం ఆ కోవవే! పైగా ఆ అక్షరాలు ఏ భాషలో వున్నాయి? సంగారెడ్డి జిల్లా బొంతపల్లిలో పారాసిటమాల్ తయారై దేశదేశాలకు పోతోంది. మన వీధిలో అమ్మే అట్టమీద తెలుగు అక్షరం కనబడటమే అరుదు. గచ్చిబౌలి భవనాల్లో ఊడ్చే ఆమె దాన్ని ఎలా చదువుకోవాలి? "ఇందులో పారాసిటమాల్ వుంది" అని తెలుగులో వుండితీరాలని నా అభిప్రాయం.

అంతదాకా ఆ పని మీదే. ఇంట్లో మందుల డబ్బా తీసి, ప్రతి అట్టమీదా చిన్న అక్షరాలు చదివి, పారాసిటమాల్ వున్నవాటిని ఒక పక్కకు పెట్టి అమ్మానాన్నలకు చూపించండి. ఎవరైనా మోతాదు మించి వేసుకున్నారని తెలిస్తే, బాధ మొదలయ్యేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లమనండి. ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు వుంది. 8 గంటలలోపు ఇస్తే అది చాలా బాగా పనిచేస్తుంది.