ఐదు రెట్లు లేని మైటోకాండ్రియా

మైటోకాండ్రియాకు రెండు పొరలు. బయటి పొర నున్నగా ఉంటుంది, లోపలి పొర మడతలు పడి ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ మాటలు కంఠతా వచ్చు. మడతలు ఎంత అన్నది మాత్రం వాళ్లను ఎవరూ అడగరు. కాలేయ కణంలోని మైటోకాండ్రియాలో లోపలి పొర వైశాల్యం బయటి పొరకు దాదాపు ఐదు రెట్లు. బడుల్లో ఏటా చేయించే మోడళ్లలో రంగులుంటాయి, మెరుపు కాగితాలుంటాయి, పుల్లలకు గుచ్చిన పేర్ల జెండాలుంటాయి. ఈ ఐదు రెట్లు ఉండదు. అది లేని వస్తువును మైటోకాండ్రియా మోడల్ అనడం తప్పు. మైటోకాండ్రియా అని పేరు రాసి పెట్టిన బొమ్మ అది.

ఆ మడతలు అందానికి పడినవి కావు. కణానికి శక్తినందించే ఏటీపీని తయారుచేసే ఎంజైములు ఉండేది లోపలి పొరలోనే. పొర పెరిగిన కొద్దీ వాటికి చోటు పెరుగుతుంది. విశ్రాంతి ఎరగని గుండె కండరంలో ఒక్కో మైటోకాండ్రియాలో క్రిస్టేలు, అంటే ఈ మడతలు, కాలేయ కణంలోకన్నా సుమారు మూడింతలు ఉండడానికి కారణం ఇదే. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలోంచి ఏటీపీని వేరుచేసిన యల్లాప్రగడ సుబ్బారావు భీమవరంలో పుట్టారని సైన్స్ దినోత్సవ సభల్లో గర్వంగా చెప్పుకుంటారు. ఆ ఇద్దరి పేర్లూ అంతకుముందే ప్రయోగశాలలకు చేరింది ఒక కొలత పద్ధతి వల్ల. శరీర ద్రవాల్లో భాస్వరం ఎంతుందో లెక్కగట్టే పద్ధతి అది, 1925 నాటిది. సుబ్బారావు ఫొటోకు దండ వేసే చేత్తోనే కొలత అన్నదే లేని మోడల్‌కు పూర్తి మార్కులు వేయడం మన బడులకే చెల్లింది.

కొలతతో మోడల్ చేయడం కష్టమేమీ కాదు. ఒక మైక్రోమీటరు వెడల్పు, రెండు మైక్రోమీటర్ల పొడవు ఉన్న మైటోకాండ్రియాను రెండు లక్షల రెట్లు పెంచితే 20 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. తరగతి బల్ల మీద పట్టే సైజు. నిలువుగా కోసిన ముఖాన్ని అట్ట మీద గీస్తే బయటి పొర చుట్టుకొలత మీటరుకు కాస్త పైన. కోత ముఖం మీద కనిపించే గీతల పొడవుల నిష్పత్తి పొరల వైశాల్యాల నిష్పత్తికి ఇంచుమించు సమానం. కాబట్టి లోపలి పొరకు ఐదు మీటర్ల పైచిలుకు పట్టీ కావాలి. ఇంట్లో పాత నవారు ఉంటే అది సరిపోతుంది, లేకపోతే పల్చటి అట్టను పట్టీలుగా కత్తిరించి అతికించుకోవచ్చు. అసలు పొర మందం సుమారు 7 నానోమీటర్లు, ఈ స్కేలులో మిల్లీమీటరున్నరకు లోపే. ఏటీపీ సింథేజ్ ఎంజైము తల ఆవగింజంత, మైటోకాండ్రియాకు సొంతమైన రైబోజోము పెసరగింజంత అవుతాయి. రెండూ వంటింట్లో దొరికేవే. మనిషి మైటోకాండ్రియా డీఎన్ఏలో 16,569 క్షార జతల వలయం ఉంటుంది. దానికి మీటరు పైన పది సెంటీమీటర్ల కుట్టుదారం చాలు.

ఐదు మీటర్ల పట్టీని 40 సెంటీమీటర్ల పెట్టెలో ఇమడ్చాల్సి వచ్చినప్పుడు గానీ మడతల సంగతి బుర్రకెక్కదు. అటు గోడ నుంచి ఇటు గోడ దగ్గరిదాకా పోయే మడతలు డజనుకు పైగా కావాలి. ఇప్పుడు బడుల్లో కనిపించే మోడల్‌లో వేలంత లావు క్లే తాడును థర్మోకోల్ గుంటలో ఐదారు వంకరలు తిప్పి ఫెవికాల్‌తో అతికిస్తారు. దారం పెట్టి కొలిస్తే అది బయటి అంచుకు రెండు రెట్లు దాటడమే గగనం. తాడు లావుగా ఉండడం వల్లే ఇంకో వంకరకు చోటుండదు. పొర అంత పల్చగా ఎందుకుందో తెలిసివచ్చే చోటు సరిగ్గా ఇదే. ఆ చోటును క్లే పూడ్చేస్తోంది.

పిల్లలు చూసి చేసే బొమ్మ కూడా పాతదే. 1950ల మొదట్లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో మైటోకాండ్రియాను చూసిన జార్జ్ పలాడే, క్రిస్టేలు లోపలి పొర నుంచి లోనికి పొడుచుకొచ్చిన మడతలన్నాడు. ఫ్రిట్యోఫ్ షోస్ట్రాండ్ ఒప్పుకోలేదు, అవి విడివిడి అడ్డుగోడలని వాదించాడు. పలాడే బొమ్మ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 1990ల్లో ఎలక్ట్రాన్ టోమోగ్రఫీ వచ్చాక దాన్నీ దిద్దుకోవాల్సి వచ్చింది. క్రిస్టేలు వెడల్పాటి నోరు తెరిచిన మడతలు కావని, సన్నటి గొట్టాల్లాంటి మెడల ద్వారా లోపలి పొరకు అంటుకుని ఉంటాయని తేలింది. మన పుస్తకాల్లో నోరు ఇంకా తెరిచే ఉంది.

మోడల్‌కు మార్కులు వేయడంపై జరుగుతున్న రచ్చలో ఈ విషయాల ప్రస్తావనే లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో 20 ఇంటర్నల్ మార్కులను ఎత్తేసింది. 2024 నవంబరులో తెలంగాణ కూడా అదే ప్రకటన చేసి, వెంటనే ఆ ఏడాదికి వాయిదా వేసుకుంది. వాదనలన్నీ మార్కులు ఎవరి చేతిలో ఉండాలన్న దాని చుట్టూ తిరిగాయి. ప్రైవేటు బడులు ఇరవైకి ఇరవై పంచిపెడుతున్నాయని ఒక పక్షం, చేతిపనితో సృజన పెరుగుతుందని మరో పక్షం. మొదటి ఆరోపణలో నిజం ఉంది, రెండో ఆశలోనూ కొంత ఉంది. మార్కులు దేనికి వేస్తున్నారని మాత్రం ఏ పక్షమూ అడగలేదు. కింది తరగతుల్లో ఫార్మేటివ్ మూల్యాంకనంలో ప్రాజెక్టు పని అలాగే సాగుతోంది. నీట్‌నెస్‌కు మార్కులు పడుతున్నాయి. ఐదు రెట్లకు ఒక్క మార్కూ లేదు.

మోడల్ అంటే కొలిచి తగవు పడాల్సిన వస్తువని చెప్పడానికి కేంబ్రిడ్జి దాకా పోనక్కర్లేదు. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కొల్లాజెన్‌కు మూడు పేటల నిర్మాణాన్ని ప్రతిపాదించారు. అందులో కొన్ని పరమాణువులు ఉండాల్సిన దానికన్నా దగ్గరగా వచ్చాయని అలెగ్జాండర్ రిచ్, ఫ్రాన్సిస్ క్రిక్ తప్పుపట్టారు. అసలు ఎంత దగ్గరకు రావచ్చు అన్న ప్రశ్న మీద రామచంద్రన్ బృందం కూర్చుంది. ప్రోటీన్ నిర్మాణాలను సరిచూడటానికి నేటికీ ప్రపంచమంతా వాడే రామచంద్రన్ ప్లాట్ 1963లో అలా వచ్చింది. ఆ తగవంతా దూరాల మీదే, రంగుల మీద కాదు.

తరగతికి యాభై మంది ఉంటే ఉపాధ్యాయుడు అన్నీ ఎలా కొలుస్తాడన్నది న్యాయమైన అభ్యంతరమే. ఆయన కొలవనక్కర్లేదు. పిల్లలు ఒకరి మోడల్‌ను మరొకరు దారం పెట్టి కొలిచి, వచ్చిన నిష్పత్తిని మోడల్ కిందే రాస్తారు. ఒక పీరియడ్ పని. రెండు రెట్లే వస్తే ఎందుకు తగ్గిందో రాసిన పిల్లకు పూర్తి మార్కులు ఇవ్వవచ్చు. ఇంకాస్త ముందుకు వెళ్లే తరగతిలో సగం మంది కాలేయ కణానిది, సగం మంది గుండె కండరానిది చేసి పక్కపక్కన పెడితే శ్వాసక్రియ పాఠం సగం అక్కడే అయిపోతుంది.

దీనికి కొత్త పథకం, బడ్జెటు, శిక్షణ తరగతులు ఏవీ అక్కర్లేదు. మార్కుల పట్టికలో ‘ఆకర్షణీయంగా ఉందా’ అన్న గడి కొట్టేసి ‘స్కేలు ఎంత, నిష్పత్తి ఎంత, ఎక్కడ తప్పింది’ అని మూడు గడులు గీస్తే చాలు. ఆ పాటి గీత గీయడానికి విద్యాశాఖలు సిద్ధంగా లేకపోతే ప్రాజెక్టు మార్కులు ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే. స్టేషనరీ దుకాణంలో కొన్న రెడీమేడ్ మోడల్‌కు, అర్ధరాత్రి దాకా అమ్మానాన్నలు కూర్చుని అతికించిన మోడల్‌కు ఇప్పుడు మార్కులు పడుతున్నాయి. మోసం కనిపెట్టలేకపోవడం వల్ల కాదు, కనిపెట్టే ప్రశ్న పట్టికలోనే లేకపోవడం వల్ల. లోపలి పొర బయటి పొరకు ఎన్ని రెట్లని అడిగితే దుకాణంలో కొన్న మైటోకాండ్రియా తెల్లమొహం వేస్తుంది. ఆ ప్రశ్న అడగకుండా పదికి పది వేసిన సంతకం పిల్లల పనికి కాదు, దుకాణదారు పనికి వేసినట్టు.