కడుపునొప్పీ, నోటుపుస్తకమూ

పిల్లలూ! ఇంతవరకు ఒక్కసారి కూడా కడుపునొప్పి రానివాళ్ళు చేతులెత్తండి. ఎవరూ ఎత్తలేదు గదా! నేనూ ఎత్తను. పండగనాడు ఆరు బూరెలు తింటే వచ్చే నొప్పి సంగతి వేరు. దాని కారణం అందరికీ తెలుసు. తిన్నవాడికి మరీ బాగా తెలుసు. ఈ నెల నేను చెప్పబోయేది ఆ నొప్పి కాదు. వారంలో రెండు మూడుసార్లు వచ్చి, గంటో రెండు గంటలో ఉండి, తనంతట తానే పోయి, మళ్ళీ వచ్చే నొప్పి. దాని కారణం కనుక్కోవటం దొంగను పట్టటం లాంటిది. ఈసారి మీ అమ్మనూ నాన్ననూ కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

మా వీధిలో ఆరేళ్ళ పిల్లవాడొకడున్నాడు. ఒకటో తరగతి. పేరు చెప్పను, చెబితే వాడికి సిగ్గు. బడిలో చేరిన రెండు నెలలకు వాడికి కడుపునొప్పి పట్టుకున్నది. బొడ్డు మీద చెయ్యి పెట్టుకుని మెలికలు తిరిగిపోయేవాడు. వాళ్ళ నాయనమ్మ దిష్టి తీసింది, వాము నీళ్ళు పట్టించింది. వాళ్ళమ్మ పాలు మానిపించి చూసింది. నులిపురుగుల మాత్ర వేయించారు. పట్నం తీసుకుపోయి పొట్టకు స్కానింగు తీయించారు. అందులో ఏమీ కనిపించలేదు. ఏమీ లేదన్న కాగితం చేతికి వచ్చేసరికి వాళ్ళ నాన్నకు కోపం వచ్చింది. "ఇదంతా బడి ఎగ్గొట్టటానికి వీడు వేసే వేషం!" అన్నాడు. ఒకనాడు చెయ్యి కూడా చేసుకున్నాడు.

ఆ సాయంత్రం నాయనమ్మ వాణ్ణి మా ఇంటికి తీసుకువచ్చింది. "మాస్టారూ, మీరు ఎన్ని వందలమంది పిల్లల్ని చూశారో! వీడికి నిజంగా నొప్పా, నటనా? మీరే తేల్చండి," అన్నది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడో తరగతిలో ఒక అమ్మాయి రోజూ పదకొండు గంటలకు, సరిగ్గా లెక్కల పీరియడులో, కడుపునొప్పి అనేది. లెక్కలు తప్పించుకోవటానికే అని నేను నిశ్చయించుకున్నాను. ట్రెయినింగులో పిల్లల మనస్తత్వం మీద మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి మరి! ఆ అమ్మాయిని నిలబెట్టి ఎక్కాలు అప్పజెప్పించాను. నెల తరవాత బడిలో నీళ్ళు పట్టే ఆమె చెప్పింది, తల్లి తెల్లవారకముందే కూలికి పోతుందనీ, పిల్ల ఏమీ తినకుండా బడికి వస్తుందనీ. అది ఆకలినొప్పి. నెలరోజులపాటు నేను ఆ పిల్లను అడిగిన ప్రశ్నలన్నీ లెక్కలవే. "పొద్దున ఏం తిన్నావమ్మా?" అని ఒక్కసారి అడగలేదు. అందుచేత నాయనమ్మ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేదు.

ఇలా వచ్చిపోయే నొప్పిని గురించి శ్రద్ధగా పరిశోధించినవాడు జాన్ ఆప్లీ అనే పిల్లల వైద్యుడు. ఆయనా, నోరా నైష్ అనే మరొక డాక్టరూ కలిసి ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతంలో 1000 మంది బడిపిల్లలను పరిశీలించి, 1958లో ఆ ఫలితాలు ప్రకటించారు. ఆట మానుకుని కూర్చునేటంత నొప్పి, మూడు నెలలకు తక్కువ కాని కాలంలో, కనీసం మూడుసార్లు వచ్చినవాళ్ళను మాత్రమే లెక్కవేశారు. అలాంటివాళ్ళు 108 మంది తేలారు. అంటే 50 మంది ఉన్న తరగతిలో అయిదుగురన్నమాట! ఇటువంటి పిల్లలలో చాలామందికి ఎంత వెతికినా శరీరంలో ఫలానా రోగమని దొరకలేదు. రోగం దొరకనంతమాత్రాన నొప్పి అబద్ధం కాదు. మన పేగులకు బోలెడన్ని నరాలున్నాయి. వాటికీ మెదడుకూ మధ్య వార్తలు అటూ ఇటూ నడుస్తూనే ఉంటాయి. బెదురు, దిగులు, ఆకలి, అజీర్తి, అన్నీ ఆ దారిన పోయేవే. ఆప్లీ ఒక మంచి గుర్తు కూడా చెప్పాడు: నొప్పి బొడ్డుకు ఎంత దూరంగా ఉంటే, రోగం ఉన్నదేమోనని అంత జాగ్రత్తగా వెతకాలి.

నేను నాయనమ్మ చేతికి ఒక నలభై పేజీల నోటుపుస్తకం ఇచ్చి, అయిదు నిలువుగీతలు గీశాను. నొప్పి ఏ రోజు, ఎన్ని గంటలకు వచ్చింది? అప్పుడు వాడేం చేస్తున్నాడు? అంతకుముందు ఏం తిన్నాడు? ఎక్కడ నొప్పి? ఆఖరిది, ఆ రోజు దొడ్డికి వెళ్ళాడా, వెళితే ఎలా అయింది? నవ్వకండి! ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. అదే బ్రిస్టల్ నగరంలో లూయిస్, హీటన్ అనే ఇద్దరు డాక్టర్లు మలాన్ని ఏడు రకాలుగా విడదీసి బొమ్మల పట్టిక తయారుచేసి 1997లో ప్రకటించారు. ఈనాడు ఎన్నో దేశాల డాక్టర్లు దాన్ని వాడుతున్నారు. మొదటి రకం మేకపెంటికల్లాగా గట్టిగా ఉంటుంది. ఏడోది ఉత్త నీళ్ళు.

మూడు వారాల తరవాత పుస్తకం నా దగ్గరికి వచ్చింది. వాళ్ళ నాన్న కూడా వచ్చాడు. "చూడండి మాస్టారూ, ఆదివారం రాత్రి నొప్పి లేదు. సెలవునాడు రాదు గదా!" అన్నాడు. నిజమే. కాని నేను మిగిలిన పేజీలు కూడా చూశాను. సోమవారం నొప్పి లేదు. మంగళవారం లేదు. బుధవారం కొంచెం. గురు, శుక్రవారాల్లో ఎక్కువ. అన్నిటికంటె ఎక్కువ శనివారం సాయంత్రం! ఇప్పుడు మీరే ఆలోచించండి. బడి ఎగ్గొట్టదలచినవాడు నొప్పిని సోమవారం పొద్దున తెచ్చుకుంటాడు గాని, మర్నాడు సెలవు పెట్టుకుని శనివారం సాయంత్రం, అందులోనూ తోటిపిల్లలు బంతాట ఆడుతూ ఉంటే, ఎందుకు తెచ్చుకుంటాడు? నటన కాదని అక్కడే తేలిపోయింది. ఆయన కొంచెంసేపు ఆ పేజీ వంకే చూస్తూ ఉండిపోయాడు.

ఆఖరి గీత దగ్గర అసలు సంగతి బయటపడింది. సోమవారం నుంచి శనివారం దాకా ఆ గడి దాదాపు ఖాళీ. ఆదివారం మధ్యాహ్నం మాత్రం "అరగంట కూర్చున్నాడు, ఏడ్చాడు, గట్టిగా అయింది" అని నాయనమ్మ వంకరటింకర అక్షరాలతో రాసి ఉన్నది. మూడు ఆదివారాలూ అంతే. ఆ తరవాత రెండు రోజులు వాడు హాయిగా ఉన్నాడు.

నేను వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఏరా, బడిలో దొడ్డికి వెళ్ళవా?" అని అడిగాను. వాడు తల వంచుకుని, "అక్కడ తలుపుకు గొళ్ళెం లేదు తాతగారూ. పెద్దపిల్లలు తోసి నవ్వుతారు," అన్నాడు. పొద్దున ఏడున్నరకే ఆటో వస్తుంది గనక ఇంట్లో తీరిక లేదు. సాయంత్రం ఆట. కాళ్ళు బిగించుకుని, మునివేళ్ళ మీద నిలబడి ఆపుకోవటం వాడికి అలవాటయింది.

ఆపుకుంటే ఏమవుతుందంటారా? మనం తిన్నది చిన్నపేగులో జీర్ణమై, మిగిలింది పెద్దపేగులోకి వస్తుంది. పెద్దపేగు చేసే ముఖ్యమైన పని అందులోని నీటిని పీల్చుకోవటం. మలం ఎంత ఎక్కువసేపు లోపల ఉంటే అంత నీరు పోయి, అంత గట్టిపడుతుంది. గట్టిపడ్డది పోవాలంటే నొప్పి. నొప్పి అంటే భయం. భయపడి మళ్ళీ ఆపుకుంటారు. గానుగెద్దులాగా అక్కడక్కడే తిరగటం! కొన్నాళ్ళకు పేగు చివర సాగిపోయి, "వెళ్ళాలి" అన్న కబురే సరిగా అందదు. కొందరు పిల్లలకు గట్టిదాని పక్కనుంచి పలచనిది జారి బట్టలు పాడవుతాయి. పెద్దలు దాన్ని విరేచనాలనుకుని పొరపడతారు, లేదా పిల్లవాణ్ణి కోప్పడతారు. అది వాడి చేతిలో లేదు.

నోటుపుస్తకం పట్టుకుని వాళ్ళు పిల్లల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళారు. ఆయన అది చదివి, పొట్ట ఎడమవైపు కింద వేళ్ళతో నొక్కి చూసి, "ఇదుగో!" అన్నాడట. మలాన్ని మెత్తబరిచే మందు ఇచ్చి, కొన్ని నెలలు మానకుండా వాడమన్నాడు. రోజూ తిన్న తరవాత పది నిమిషాలు తొందరపెట్టకుండా కూర్చోబెట్టమన్నాడు. ఎందుకంటే పొట్టలో ఆహారం పడగానే పెద్దపేగు కదలటం మొదలుపెడుతుంది. నీళ్ళు, ఆకుకూరలు, జామపండు, బొప్పాయి సంగతి మీకు తెలిసిందే.

ఇక పెద్దలకు నాలుగు మాటలు. అన్ని కడుపునొప్పులూ ఇదే అనుకోకండి. ఏలికపాము 15 నుంచి 35 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఆడది రోజుకు రెండు లక్షల గుడ్లయినా పెట్టగలదు. కనుక ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లోనూ అంగన్‌వాడీల్లోనూ ఇచ్చే మాత్ర మింగించవలసిందే. కొందరికి పాలు పడవు. కొందరికి మూత్రంలో మంట ఉంటుంది. పిల్లవాడు బరువు తగ్గుతున్నా, మలంలో నెత్తురు కనిపించినా, నొప్పి నిద్రలోంచి లేపుతున్నా, జ్వరం మళ్ళీ మళ్ళీ వస్తున్నా పుస్తకం నిండేదాకా ఆగకండి, డాక్టరుకు చూపించండి. పచ్చరంగు వాంతి అయినా, బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి దిగి వదలకుండా ఉన్నా, ఆ గంటలోనే ఆస్పత్రికి తీసుకుపోండి. అటువంటప్పుడు ఆముదం పట్టించకూడదు. మా చిన్నతనంలో ప్రతి నొప్పికీ ఆముదమే. ఉండుకం వాచి ఉంటే విరేచనాల మందు వల్ల అది పగిలే ప్రమాదమున్నది.

మర్నాడు నేను వాళ్ళ నాన్నతో కలిసి ఆ బడికి వెళ్ళాను. హెడ్మాస్టరుగారు నాకంటె చాలా చిన్నవాడు. మేము చెప్పింది విని, లేచి, స్వయంగా వెళ్ళి ఆ తలుపు చూసి వచ్చాడు. రెండో రోజుకు గొళ్ళెం పడింది. చిత్రమేమిటంటే, ఆ తరవాత చాలామంది పిల్లలు అక్కడికి వెళ్ళటం మొదలుపెట్టారట.

మా వీధివాడికి వెంటనే నయం కాలేదు. మధ్యలో ఒకసారి మందు మానేసి మళ్ళీ బాధపడ్డాడు కూడా. అంతా సర్దుకునేసరికి అయిదు నెలలు పట్టింది. ఇప్పుడు నోటుపుస్తకంలో మిగిలిన పేజీల మీద వాడు రైలుబండ్లు వేస్తున్నాడు.

వచ్చే నెల ఎక్కిళ్ళను గురించి చెప్పుకుందాం. ఈలోగా ఎక్కిళ్ళు వస్తే మీ ఇంట్లో ఏమేం చేస్తారో రాసి పెట్టుకోండి.